అలల మీద లోడు టెస్టు

నలభై ఆరేళ్ళ వయసులో నేను ఇసుక మీద బోర్లా పడుకుని ఈత కొట్టాను. సముద్రం ఇంకా కొంచెం దూరంలోనే ఉంది. నా చేతులు మాత్రం ఇసుకను వెనక్కి తోస్తున్నాయి. పక్కన నా కూతురు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, "భుజం నుంచి లాగమ్మా, మోచేతి నుంచి గాదు" అంటోంది. పెద్ద వల లాగడానికి వచ్చిన పట్టపుపాలెం జనం, ఆడా మగా, వల సంగతి మరిచిపోయి మా చుట్టూ చేరారు. అందులో ఒకామె జాలిగా అడిగింది.

"ఏంది పాపా, మీ అమ్మకు ఫిట్స్ గానా వచ్చినాయా? ఇనప ముక్క ఏదన్నా చేతిలో పెట్టండ్రా ఆయమ్మకు."

ఒకాయన నిజంగానే తన బండి తాళం తీసి నా గుప్పిట్లో పెట్టాడు. నా కోపం సంగతి సూళ్లూరుపేటలో నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే వాళ్ళందరికీ తెలుసు. మెడ లోతు గురించి రెండోసారి మాట్లాడితే గుడ్డ మడిచి చేతికిచ్చి పంపించే మనిషిని. ఆ తాళం తిరిగి ఆయన మీదికే విసిరాను. అది గురి తప్పి ఇసుకలో పడింది. తర్వాత చాలాసేపు వల వాళ్ళూ, నేనూ, నా కూతురూ అందరం కలిసి దాన్ని వెతికాం. సెలవులు ఇలా మొదలవుతాయని నేను అనుకోలేదు.

మా ఆడబిడ్డను ఇందుకూరుపేట దగ్గర ఒక ఊరికి ఇచ్చారు. వాళ్ళకు రొయ్యల గుంటలున్నాయి. ఊరికీ సముద్రానికీ మధ్య ఉప్పుటేరు పారుతుంది. పడవలో ఆ ఏరు దాటితే ఒక ఇసుక దిబ్బ. దాని మీద వాళ్ళ సరుగుడు తోట, తోటలో రెండు రేకుల గదులు. మూడు పక్కలా ఏటి నీళ్ళు, నాలుగో పక్క సముద్రం. ఊళ్ళోవాళ్ళు దాన్ని దిబ్బ అనే అంటారు. నా కూతురు ఫోన్‌లో ఫొటో పెట్టి "దీవిలో సెలవులు" అని రాసింది. క్రిస్మస్ ఆరాధన అయ్యాక కొత్త సంవత్సరం దాకా షాపులు మూసేసి మేమంతా అక్కడికి చేరతాం. మేమంతా అంటే నేను, మా ఆయన, మా అత్తమ్మ, నా ఒక్కగానొక్క కూతురు; మా ఆడబిడ్డ కూడా ఆ రోజుల్లో మాతోనే ఉంటుంది. అక్కడ చేసే పని తినడం, పడుకోవడం, లేచి మళ్ళీ తినడం. పీతలు, రొయ్యలు, రాత్రి కాచి పొద్దున తినే చేపల పులుసు. నా కుట్టుమిషన్ చప్పుడు వినపడని చోటు నాకు ప్రపంచంలో అదొక్కటే.

ఆ సంవత్సరం మా అమ్మాయి మాతో కలిసి రాలేదు. డిగ్రీ అయ్యాక దాన్ని మద్రాసులో బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో చేర్పించాం, హాస్టల్లో ఉండేది. నేరుగా దిబ్బకే వస్తానంది. రొయ్యలు దించి ఖాళీగా తిరిగొచ్చే మా ఆడబిడ్డ వాళ్ళ వ్యాన్లో వచ్చి, పడవ దాటి, ఇద్దరు మనుషుల సాయంతో ఒక పెద్ద బల్లను మోయించుకుంటూ దిగింది. తొమ్మిది అడుగుల పొడవు, ముందువైపు గుండ్రటి ముక్కు, అడుగున చేప రెక్క లాంటిది ఒకటి. వ్యాన్లో ప్రయాణం చేసినందువల్ల రొయ్యల కంపు.

మా ఆయన దాని చుట్టూ ఒక తిరుగు తిరిగి, "మీ అమ్మకు ఇస్త్రీ బల్ల తెచ్చినావా? ఇంత పొడుగెందుకే?" అన్నాడు.

"సర్ఫింగ్ బోర్డు నాన్నా. అలల మీద నిలబడి వచ్చేది." ఊపిరి తీసుకుని, ఇక ఆపితే చెప్పలేనన్నట్టు గబగబా చెప్పేసింది. "నేను కోచింగ్ మానేసినా."

సంగతేమిటంటే, మద్రాసుకు దక్షిణాన ఒక బీచిలో ఈ ఆట నేర్పే బడి ఒకటి ఉందట. హాస్టల్ పిల్లలతో సరదాకు ఒక ఆదివారం వెళ్ళింది. తర్వాత ప్రతి ఆదివారం. తర్వాత సాయంత్రాలు కూడా. ఇప్పుడక్కడ చిన్నపిల్లలకు ఇది సాయంగా నేర్పుతోంది. జనవరి నుంచి పూర్తిగా చేరమన్నారు, టీచరుగా తయారు చేస్తామన్నారు. సంవత్సరం మారేలోపల చేరేదీ లేనిదీ చెప్పాలి. కొన్నాళ్ళకు మన మైపాడు బీచిలోనే తను సొంతంగా మొదలుపెడుతుందట. అంతా చెప్పి, మా ఆయన మొహం చూస్తూ నిలబడింది. ఆయన వెళ్ళి అరుగు మీద కూర్చుని కాలి గోళ్ళు తీసుకున్నాడు. మా ఆయనకు కోపం వచ్చిందనడానికి అదే గుర్తు.

తీర్పు మర్నాడు పొద్దున టీ దగ్గర వచ్చింది. మా ఆయనకు సూళ్లూరుపేటలో మోటార్లు చుట్టే షాపు ఉంది. కాలిపోయిన మోటారుకు కొత్త తీగ చుట్టి, ఊరికే తిప్పి చూపించి పంపేసే రకం కాదు. పంపుకు బిగించి, నీళ్ళు తోడించి, చెయ్యి పెట్టి వేడి చూసి గానీ ఇవ్వడు. లోకంలో ఏ విషయమైనా ఆయన ఆ షాపులోంచే చూస్తాడు.

"ఆడటం వేరే, నేర్పటం వేరే," అన్నాడు. "నువ్వు ఆడతావు, సరే. నేర్పగలవని నాకెట్టా తెలియాల? ఖాళీగా ఏ మోటారైనా తిరుగుద్ది. లోడు పెట్టి చూడాల."

"లోడంటే ఏంది నాన్నా?"

ఆయన టీ గ్లాసు కింద పెట్టి నా వైపు చూశాడు.

"మీ అమ్మ. సెలవులు అయ్యేలోపల మీ అమ్మను ఆ బల్ల మీద నిలబెట్టు. నిలబడిందా, నీ ఇష్టం, నేనిక నోరెత్తను. నిలబడలేదా, ఈ బల్ల ఎవురిదో వాళ్ళకిచ్చేసి మళ్ళీ కోచింగ్‌కు పోవాల."

నా బరువు గురించి ఆ ఇంట్లో అంతకుముందు ఎవ్వరూ అంత బహిరంగంగా మాట్లాడలేదు. మా అత్తమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నిజం చెప్పాలంటే ఆ పొద్దుటి దాకా నేను కూడా మా ఆయన పక్షమే. ఎండలో మాడకుండా ఫ్యాను కింద కూర్చుని చేసే ఉద్యోగం నా కూతురికి రావాలని నాకు మాత్రం ఉండదా? కానీ లోడు అన్న ఒక్క మాటతో నేను పక్షం మార్చాను.

"పదవే," అన్నాను. "యాడ పడుకోవాలో చూపించు."

అలా వ్యవహారం నేను ఇసుక మీద ఈత కొట్టడం దాకా వచ్చింది. తాళం దొరికాక నీళ్ళలో దిగాం. చుడీదార్‌తో దిగడం నా మొదటి తప్పు. టాపు నిండా నీళ్ళు చేరి నా చుట్టూ గుడారంలా లేచింది. చున్నీ కాళ్ళకు చుట్టుకుంది. ఆ మధ్యాహ్నమే ఏరు దాటి మా ఆడబిడ్డ ఇంటికి వెళ్ళి, పాత కుట్టుమిషన్ ముందు కూర్చుని, వాళ్ళ అబ్బాయి స్కూలు ట్రాక్ ప్యాంట్లు రెండు విప్పి, కలిపి, నా కొలతలకు ఒంటికి అతుక్కునేలా ఒక జత కుట్టుకున్నాను. ప్యాంటు పక్కన వాడి బడి పసుపు గీత పైనుంచి కింద దాకా వచ్చింది. మా ఆయన చూసి, "ఏ క్లాసు చదువుతా ఉండావు?" అని అడిగాడు.

మొదట్లో ఉప్పు నీళ్ళు మింగడమే నా పని. బల్ల మీద ముందుకు జరిగి పడుకుంటే దాని ముక్కు నీళ్ళలోకి పొడుచుకుని నన్ను ఎత్తి కుదేసేది. వెనక్కి జరిగితే అల నన్ను వదిలేసి తన దారిన తను పోయేది. సరైన చోటు వాటి మధ్య జానెడే. అది దొరికినప్పుడు మాత్రం, అబ్బ, వెనకనుంచి నురగ హోరుమంటూ వచ్చి బల్ల కిందికి దూరి, నన్ను ఎత్తుకుని ఒడ్డుకు పరిగెత్తేది. పడుకునే ఉన్నా సరే, మొదటిసారి అలా వచ్చినప్పుడు నేను కేక పెట్టాను. భయంతో అనుకుని మా ఆయన ఒడ్డున లేచి నిలబడ్డాడట. అది భయం కాదు. చిన్నప్పుడు మా ఊరి గడ్డివాము మీదనుంచి జారినప్పుడు పెట్టిన కేక. అది నా గొంతులో ఇంకా ఉందని నాకే తెలియదు.

ఇంకొకటి గమనించాను. ఇంట్లో నా కూతురు నాతో రెండు మాటలు సవ్యంగా మాట్లాడదు. ఫోన్‌లో ఏదన్నా చూపించమంటే, "నీకు అర్థం గాదులే" అని లాక్కుంటుంది. నీళ్ళలో ఆ పిల్ల వేరు. నేను ఎన్నిసార్లు పడ్డా మొహం చిట్లించలేదు. "ఇంతకుముందుకంటే చెయ్యి బాగా పెట్టినావు" అనేది. అల వచ్చే ముందు నా వీపు మీద అరచెయ్యి ఆనించి, "ఇప్పుడు గాదు, ఇప్పుడు గాదు, ఇదీ" అనేది. ఆ చెయ్యి ఎప్పుడు వదలాలో దానికి తెలుసు. పదేళ్ళ కుట్టుపని తర్వాత గానీ గుడ్డ నా చేతి మాట వినలేదు. దీని మాట ఏడాదికే ఈ నీళ్ళు వింటున్నాయి. నాకు గర్వంగా అనిపించింది, దానికి చెప్పలేదు. పొగిడితే అది పాఠం ఆపి నవ్వుతూ కూర్చుంటుందని భయం.

చిక్కల్లా నేను మోకాళ్ళ దాకా లేచి ఆగిపోవడం. రెండు చేతులూ బల్ల మీద, రెండు మోకాళ్ళూ బల్ల మీద, అంతే. ఇక చేతులు వదలాలంటే ప్రాణం ఒప్పుకోదు. అలాగే ఒంగి ఒడ్డు దాకా వచ్చేదాన్ని.

"ఆయమ్మ చపాతీలు ఒత్తతా ఉండాది," అని వల లాగేవాళ్ళు ఒకటే నవ్వు. కానీ పొద్దునే వల పక్కకు జరుపుకుని మాకు దారి ఇచ్చేది కూడా వాళ్ళే. నేను పడినప్పుడల్లా "అయ్యో అక్కా" అని ఒడ్డంతా ఒకే గొంతుతో అనేవాళ్ళు.

"నువ్వు కింద చూస్తా ఉండావమ్మా," అంది నా కూతురు. "కిందికి చూస్తే కిందికే పోతావు. తల ఎత్తి ఒడ్డును చూడు, ఒళ్ళు అదే లేస్తుంది."

చెప్పినంత తేలికా? సూది మొన మీద చూపు నిలిపి బతికిన మనిషిని. తల ఎత్తితే వేలు పోతుందని నా కళ్ళకు భయం.

సెలవులు అయిపోవస్తున్నాయి. మర్నాడు ఒక్క రోజు చేతిలో ఉందనగా, పొద్దున రెండు మూడు అలల మీద ఒక పాదం ముందుకు తెచ్చి పెట్టగలిగాను. నా కూతురి మొహంలో వెలుగు చూసి నాకు ఒళ్ళు పొంగింది. ఇంటికి వచ్చి పీతల కూరతో అన్నం తిని ఇద్దరం ఒళ్ళెరగకుండా నిద్రపోయాం. మా ఆయన పడవ మీద ఊళ్ళోకి వెళ్ళాడు.

ఈ మధ్యలో మా అత్తమ్మ ఖాళీగా ఉంది. ఆవిడ ఖాళీగా ఉంటే ఇంట్లో చెక్క సామాను జాగ్రత్తగా ఉండాలి. మా చర్చిలో ప్రతి క్రిస్మస్‌కూ ముందు బెంచీలు తోమి కొబ్బరినూనె పట్టించేది ఆవిడే. ఎవరూ అప్పజెప్పిన పని కాదు, పెళ్ళయి వచ్చిననాటి నుంచి తనకు తాను పెట్టుకున్న సేవ. కొత్త బట్టలు కట్టుకుని వచ్చి ఆ బెంచీల మీద కూర్చున్నవాళ్ళు ఏటా లోలోపల తిట్టుకుంటారు, పైకి అనలేరు. అలాంటి మనిషి కంటికి సరుగుడు చెట్టుకు ఆనించి ఉన్న మా బల్ల పడింది. దాని మీదంతా తెల్లగా, జిగటగా, ఇసుకా వెంట్రుకలూ అంటుకుని మడ్డి.

ఆ మడ్డి మైనం. కాళ్ళు జారకుండా దాన్ని బోర్డుకు పట్టిస్తారు. అదే లేకపోతే తడి బల్ల మీద పాదం ఆనదు. నా కూతురు తెచ్చుకున్న మైనం ఉండ అప్పటికే అరిగి అయిపోయింది, బల్ల మీద ఉన్నదే మిగిలింది. మా అత్తమ్మ అట్లకాడతో దాన్ని శుభ్రంగా గీకి, కొబ్బరి పీచుతో తోమి, కడిగి, ఆరబెట్టి, ఎండకు పగలకుండా పైనుంచి కింద దాకా కొబ్బరినూనె పట్టించింది. మేం లేచేసరికి బల్ల పెళ్ళికూతురిలా మెరిసిపోతోంది. ఆవిడ పక్కన కూర్చుని మెచ్చుకోలు కోసం చూస్తోంది.

నా కూతురు దాన్ని ఎత్తబోయింది. అది వాలుగ చేపలా జారి కాలి మీద పడింది.

అది ఏడ్చింది కాలు నొప్పికి కాదు. ఏడుస్తూనే, "అవ్వా, నేను నిన్నేం అనడంలా," అంది. "ఆ మైనం మద్రాసులో తప్ప దొరకదు. రేపు ఒక్కరోజే ఉండాది. అమ్మ ఇంక నిలబడలేదు."

మా అత్తమ్మ నూనె చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది. ఆవిడ మొహం చూసి నాకు ఏడుపొచ్చింది, కోపం కూడా వచ్చింది, ఆ కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియలేదు. ఆవిడే అడిగింది.

"మైనమంటే యా మైనం? కొవ్వొత్తి మైనం పనికిరాదా?"

నా కూతురు ముక్కు తుడుచుకుంది. "ఏమో అవ్వా. కొంచెం పట్టుద్దేమో."

మా అత్తమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని లేచింది. మా ఆడబిడ్డను లేపి, పడవ పిలిపించి ఏరు దాటింది. పొద్దు వాలేవేళకు ఒక గుడ్డ సంచితో తిరిగొచ్చింది. ఆ ఊరి చర్చిలో క్రిస్మస్ ముందురోజు ఆరాధనకు పిల్లలూ పెద్దలూ పట్టుకున్న కొవ్వొత్తులు, సగం కాలినవి, వేలెడంతవి, గోరంతవి. మైనం చేతి మీద కారకుండా తొడిగిన కాగితపు కప్పులు కొన్నిటికి అలాగే ఉన్నాయి. పారేయబోతున్న వాటిని అడిగి తెచ్చుకుంది. తెలుపుతో పాటు ఎర్రవీ పచ్చవీ కూడా ఉన్నాయి.

వేడినీళ్ళూ శీకాయా పెట్టి నూనె వదిలేదాకా ముగ్గురం బల్లను తోమాం. బల్లకు తలంటు పోయడం నా జన్మలో అదే మొదలు. తర్వాత ఆరబెట్టి, ఆ ముక్కలతో గుండ్రంగా రుద్దుతూ కూర్చున్నాం. వేళ్ళు నొప్పి పుట్టాయి. తెలుపు మీద ఎరుపూ పచ్చా చేరి బల్ల చిన్నపిల్లల డ్రాయింగు పుస్తకంలా తయారైంది. మా అత్తమ్మ రుద్దుతూ రుద్దుతూ తల ఎత్తకుండానే అంది.

"రేపు నిలబడమ్మే. నా వల్ల ఆ పిల్లకు పోయిందనే మాట నాకొద్దు."

అన్నం తినేటప్పుడు మా ఆయనను అడిగాను. "రేపు నేను నిలబడకపోతే నిజంగానే పంపిస్తారా దాన్ని?"

"మాటంటే మాటే," అన్నాడు, పులుసులో ముల్లు ఏరుకుంటూ. ఆ ముల్లు ఆయన గొంతులో గుచ్చుకుంటే బాగుండుననిపించింది నాకు.

తెల్లారి సముద్రం బాగుంది. గాలి తక్కువ, అలలు ఒకదాని వెనక ఒకటి తీరిగ్గా వస్తున్నాయి. మధ్యాహ్నానికి పడవ వస్తుంది, సామాను సర్దేశాం. వల వాళ్ళకు విషయం తెలుసు. ఆ రోజు వాళ్ళు వల త్వరగా లాగేసి, చేపలు పంచుకుని, ఎవ్వరూ ఇంటికి పోకుండా ఒడ్డున వరసగా కూర్చున్నారు. మా అత్తమ్మకు ఒక బుట్ట బోర్లించి కుర్చీ చేసిచ్చారు. మా ఆయన అందరికీ దూరంగా, ప్యాంటు మడిచి ఒంటరిగా నిలబడ్డాడు.

కొవ్వొత్తి మైనం అసలు మైనమంత పట్టలేదు గానీ, పాదం ఆనింది. ఆనినా ఏం లాభం? మొదటి అలకు పడ్డాను. రెండో అలకు పడ్డాను. తర్వాత కొన్నిటికి చపాతీలు ఒత్తాను. ఒక అల నన్ను బల్ల కిందికి తోసి, లేచేసరికి నోటినిండా ఇసుక. నా కూతురి పెదవులు నీలం తిరిగాయి, అయినా ఆ గొంతు మారలేదు.

"బాగా వచ్చిందమ్మా ఇది. ఇంకొకటి చూద్దాం."

దాని కళ్ళు మాత్రం పడవ వచ్చిందని ఎవరన్నా పిలుస్తారేమోనని తోట వైపు చూస్తున్నాయి. దానికి అంత బాగా వచ్చిన పని నా మోకాళ్ళ వల్ల పోతుందా అనిపించింది. బల్ల మీద బోర్లా పడుకుని, "ఈసారి నిలబడకపోతే నేను నీళ్ళలోనే ఉంటా, మీరు పోండి," అన్నాను.

"ఇప్పుడు గాదు," అంది నా కూతురు, వీపు మీద చెయ్యి పెట్టి. "ఇప్పుడు గాదు. ఇదీ!"

తోసింది. నురగ వచ్చి కిందికి దూరింది. చేతులు ఆనించాను, మోకాళ్ళ మీదికి వచ్చాను, ఒక పాదం తెచ్చి పెట్టాను. అక్కడ మామూలుగా ఆగిపోయే చోట, ఒడ్డునుంచి మా అత్తమ్మ కేక వినబడింది. మా ఆయన పేరు పెట్టి పిలుస్తోంది. ఏమైందోనని తల ఎత్తాను. మా ఆయన నీళ్ళలో ఉన్నాడు. మైపాడు బీచిలో కూడా చెప్పులు తడవకుండా నడిచే మనిషి, మడిచిన ప్యాంటు తడిసి, మోకాళ్ళు దాటి తొడల దాకా నీళ్ళలోకి వచ్చి నిలబడ్డాడు. ఈత ఒక్క ముక్క రాదు. ఈ మనిషికేమైనా పిచ్చా, వెనక్కి పొమ్మని అరుద్దామని చూస్తూ ఉన్నాను.

చూస్తూ ఉంటే ఆయన నాకంటే పొట్టిగా కనిపించాడు. అప్పుడు తెలిసింది, నేను నిలబడి ఉన్నానని.

చేతులు గాల్లో ఉన్నాయి. కాళ్ళ కింద బల్ల గలగలమంటూ పరిగెడుతోంది. ఒడ్డు, సరుగుడు చెట్లు, వరసగా కూర్చున్న జనం, అందరూ నా వైపే వస్తున్నట్టున్నారు. మొహానికి గాలి తగులుతోంది. ఎంతసేపో చెప్పలేను. ఒక జాకెట్టు హుక్కు కుట్టేంతసేపు కూడా ఉండదేమో. కానీ అంత సంతోషం నా ఒంట్లో పడుతుందని నాకు తెలియదు. నేను లోడు కాదు, అసలు నాకు బరువే లేదు. మా ఆయనను దాటుకుంటూ వెళ్ళాను. బల్ల ఇసుకకు ఆనింది, నేను ముందుకు నాలుగు అడుగులు పరిగెత్తి, పడకుండా ఆగి, గడ్డివాము కేక పెట్టాను.

ఒడ్డంతా లేచింది. ఈలలు, చప్పట్లు. మొదటి రోజు తాళం ఇచ్చినాయన తువ్వాలు గాల్లోకి విసిరాడు. మా అత్తమ్మ బుట్ట తన్నేసి నిలబడింది. నా కూతురు నీళ్ళను చీల్చుకుంటూ పరిగెత్తుకొచ్చి నేరుగా వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళింది.

"చూసినావా నాన్నా? చూసినావా?"

మా ఆయన రెండు చేతులూ గట్టిగా జోడించుకుని, తల వంచుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు. పెదవులు కదులుతున్నాయి. అది భుజం పట్టుకుని కుదిపితే ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు.

"ఏమైంది? పడిందా?"

నా కూతురి చెయ్యి ఆయన భుజం మీదనుంచి జారిపోయింది.

"చూడలేదా నువ్వు?"

"కళ్ళు మూసుకోనుంటిని," అన్నాడు. "ప్రార్థనలో ఉంటిని."

మా అత్తమ్మ నోరు తెరిచింది. కన్నకొడుకని చూడలేదు, "ఇన్ని కళ్ళు చూసినాయి, నీ కళ్ళకేమొచ్చింది?" అని మొదలుపెట్టింది. వల వాళ్ళు తలా ఒక మాట వేశారు. "నిలబడిందన్నా, నేను చూసినా." "మా పిల్లోళ్ళ తోడన్నా, చీమంత వంగలా." మాటంటే మాటే అన్న మనిషి వీళ్ళ సాక్ష్యం ఒప్పుకుంటాడని నాకు నమ్మకం లేదు. బల్ల చంకన ఇరికించుకున్నాను.

"పదవే, ఇంకోసారి ఎక్కుతా," అన్నాను. "ఈసారి ఆయన కళ్ళు ఎవరన్నా పట్టుకోండి."

"వద్దులే," అన్నాడు మా ఆయన.

నా కూతురు ఆయనకు అడ్డంగా వచ్చి నిలబడింది. "ఎందుకొద్దు? నువ్వు చూడలేదు గదా. నిలబడిందని నమ్మవు గదా."

ఆయన మా ఎవరి మొహమూ చూడలేదు. తడిసిన ప్యాంటు మడత విప్పుకుంటూ, నీళ్ళతో మాట్లాడుతున్నట్టు మెల్లగా అన్నాడు.

"నేనడిగింది ఏందనుకున్నావు? మీ అమ్మ లేచి నిలబడాలనే. ఈ వారమంతా అదే అడగతా ఉండా. దేవుడు ఇచ్చినాక, నేను చూడలా, మళ్ళీ చూపించమంటే బాగుంటదా?"

నా కూతురు తడి ఒంటితో వాళ్ళ నాన్నను ఎంత గట్టిగా పట్టుకుందంటే, ఆయన బ్యాలెన్సు తప్పి ఇద్దరూ నీళ్ళలో కూలబడ్డారు. అల వచ్చి ఇద్దరి మీదుగా పోయింది. భయపడతాడనుకున్నాను. దాన్ని వదలకుండా, నోట్లో నీళ్ళు ఉమ్ముతూ నవ్వుతున్నాడు.

నేను బల్ల పట్టుకుని మళ్ళీ నీళ్ళలోకి నడిచాను. ఇక ఎవరికీ ఏదీ రుజువు చేయక్కర్లేదు, పడవ ఇంకా రాలేదు, అలలు బాగున్నాయి.